కోడి, వరి, వాగు, వార్డు: యాంటీబయాటిక్ కథలో కలిసిపోతున్న రెండు ప్రశ్నలు

1943లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల పరిశోధక విద్యార్థికి ఒక కొత్త మందు దొరికింది. ఆయన చదువుతున్నది వైద్యం కాదు, మట్టిలోని సూక్ష్మజీవుల శాస్త్రం. గురువు సెల్మన్ వాక్స్‌మన్‌దీ అదే రంగం. మందును తయారుచేసే సూక్ష్మజీవి షాట్జ్‌కు రెండు చోట్ల కనబడింది. ఒకటి పెంట బాగా తోలిన పొలం మట్టిలో, రెండోది ఒక కోడి గొంతులో. ఆ మందు పేరు స్ట్రెప్టోమైసిన్. క్షయ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అదే.

రెండేళ్ల తర్వాత మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రయోగ క్షేత్రం శాన్‌బర్న్ ఫీల్డ్ నుంచి పంపిన మట్టిలో ఇంకో మందు బయటపడింది. దాన్ని పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్. ఆయన పనిచేస్తున్న లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. మందు తీసేశాక మిగిలిన పిప్పిని అదే సంస్థలోని థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ వేరే విటమిన్ పని మీద ఉండి కోడిపిల్లల మేతలో కలిపి చూశారు. పిల్లలు మామూలు కంటే తొందరగా బరువెక్కాయి. కోళ్ల మేతలోకి యాంటీబయాటిక్ వచ్చింది అలా. 1950ల్లో స్ట్రెప్టోమైసిన్‌ను పియర్, యాపిల్ తోటల మీద చల్లడం కూడా మొదలైంది.

అంటే మట్టిలో దొరికిన మందు పది పన్నెండేళ్లలోనే మనిషికీ, కోడికీ, చెట్టుకీ చేరిపోయింది. కనిపెట్టినవాళ్లలో మట్టి శాస్త్రజ్ఞుడున్నాడు, చెట్ల శాస్త్రజ్ఞుడున్నాడు, జీవరసాయన శాస్త్రజ్ఞుడున్నాడు. ఆ తర్వాతే మనం దాన్ని ముక్కలు చేసి వైద్య కళాశాలకొకటి, పశువైద్య కళాశాలకొకటి, వ్యవసాయ విశ్వవిద్యాలయానికొకటి పంచిపెట్టాం. ఇప్పుడు 'వన్ హెల్త్' పేరుతో ఆ ముక్కల్ని మళ్లీ కలుపుతున్నామంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, ఈ నాలుగూ 2022లో దీని మీద ఒప్పందం కూడా చేసుకున్నాయి. మనుషుల ఆరోగ్యం, పశువుల ఆరోగ్యం, మొక్కల ఆరోగ్యం, నేలా నీరూ ఆరోగ్యం వేర్వేరు కావన్నది సారాంశం. ఈ మాటను కాదనేవాళ్లు లేరు. అందువల్లే దీన్ని ఎవరూ గట్టిగా పరీక్షించరు కూడా. ఏ సెమినార్‌కైనా సరిపోయే బ్యానర్ అయిపోయింది.

బ్యానర్ పక్కనపెట్టి, మందులకు లొంగని బ్యాక్టీరియా అనే ఒక్క సమస్యను తీసుకుని చూద్దాం. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ఇదే నేరుగా కారణమని, ఇది ఏదో ఒక రకంగా తోడైన మరణాలు 49.5 లక్షలని 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంచనా. ఈ రెండు అంకెలనూ కలిపేసి రాసే వార్తలు చాలా వస్తుంటాయి. మొదటిది, మామూలు బ్యాక్టీరియా అయ్యుంటే మందుకు లొంగి బతికేవాళ్ల లెక్క. రెండోది, మొండి బ్యాక్టీరియా ఒంట్లో ఉండగా చనిపోయిన అందరి లెక్క.

ఇంతకంటే పెద్ద గందరగోళం ఇంకోటుంది. మొండితనం ఎక్కడ పుడుతోంది అన్నది ఒక ప్రశ్న. అది రోగి దాకా ఎలా చేరుతోంది అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదానికీ దొరికినట్టేనని అనుకుంటాం. అక్కడే దారి తప్పుతాం. విశ్వవిద్యాలయాల్లో గత ఇరవై ఏళ్లుగా జరిగిన పని చూస్తే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబులు చాలాసార్లు రెండు దిక్కుల్లో ఉన్నాయి.

ముందు కాస్త జీవశాస్త్రం. బ్యాక్టీరియాకు తన అసలు జన్యుపదార్థం కాక, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాలు ఉంటాయి. వీటిని అది పిల్లలకు ఇవ్వడమే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. పరీక్ష హాల్లో చీటీ ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి చేరినట్టే, ఒక యాంటీబయాటిక్‌ను ఎలా తట్టుకోవాలో రాసి ఉన్న జన్యువు చేతులు మారుతుంది. చదువు రాని బ్యాక్టీరియా కూడా గట్టెక్కుతుంది. ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందుల విరుగుడు జన్యువులూ, రాగి లాంటి లోహాన్ని తట్టుకునే జన్యువూ కలిసి ఉండొచ్చు. అప్పుడు ఆ నాలుగైదు మందుల్లో ఏది వాడినా, ఒక్కోసారి రాగి మందు వాడినా, మిగతావి కూడా వెంట నిలిచిపోతాయి. ఇలాంటి చేతులు మారడం కోట్ల కోట్ల సార్లలో ఒకసారి జరిగితే చాలు. అది జరిగే చోటు ఆసుపత్రే కానక్కర్లేదు.

పటాన్‌చెరు

ఆ చోటు ఎలా ఉంటుందో హైదరాబాద్ పక్కనే చూడొచ్చు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో ఒక పరిశోధన పత్రం వేసింది. పటాన్‌చెరు ప్రాంతంలో మందుల ముడిసరుకు చేసే దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాన్ని ఒకచోట చేర్చి శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిని వాళ్లు పరీక్షించారు. గమనించండి, శుద్ధి చేశాక వచ్చే నీరు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. సిప్రో మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. ఆ ఒక్క ప్లాంటు నుంచి ఒక్క రోజులో బయటికి పోతున్న సిప్రో సుమారు 45 కిలోలని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రోతో అది సమానమని లెక్కగట్టారు.

ఆ పత్రంలో అంకె కంటే నన్ను ఎక్కువ ఆపింది ఒక చిన్న వివరం. మందుల నీటిలో బ్యాక్టీరియా బతకదు, బ్యాక్టీరియా లేకపోతే శుద్ధి ప్రక్రియ నడవదు. అందుకని ప్లాంటులోకి మామూలు ఇళ్ల మురుగు కూడా కలిపేవాళ్లు. ఇంజినీరింగ్ పరంగా అందులో తప్పేమీ లేదు, లోకమంతా చేసే పనే. కానీ సూక్ష్మజీవుల వైపు నుంచి చూస్తే మనిషి పేగుల్లోని బ్యాక్టీరియాను రోజూ తెచ్చి, గాఢమైన యాంటీబయాటిక్ తొట్టెలో నానబెట్టి, లొంగనివాటిని మాత్రం ఏరి బయటికి వదలడమే. ప్లాంటు కట్టినవాళ్లకు నీటిలో కుళ్లే మలినాన్ని కొలిచే బీఓడీ, సీఓడీ లెక్కలు తెలుసు. ఆ లెక్కల్లో యాంటీబయాటిక్ అనే గడి లేదు.

ఆ నీరు ఇసుకవాగులోకి, అక్కణ్నుంచి నక్కవాగులోకి, మంజీరలోకి, చివరికి గోదావరిలోకి. తర్వాతి ఏళ్లలో ఇదే బృందం, వాళ్ల సహచరులు ఆ దారంతా పట్టుకుని వెళ్లారు. 2009లో చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు దొరికాయి. వాగు అడుగు మట్టిలో విరుగుడు జన్యువులతోపాటు, వాటిని మోసుకెళ్లే ప్లాస్మిడ్లు దండిగా ఉన్నాయని 2011లో తేలింది. 2014లో ఖాజీపల్లి చెరువు డీఎన్ఏను స్వీడన్‌లోని ఒక సరస్సుతో పోలిస్తే, విరుగుడు జన్యువులు ఇక్కడ సుమారు 7,000 రెట్లు ఎక్కువ. ప్లాంటు నీటిని వెయ్యిలో రెండు పాళ్లకు పల్చన చేసి కప్పపిల్లల్ని పెంచితే వాటి ఎదుగుదల కుంటుపడింది. జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016 చివర్లో హైదరాబాద్ చుట్టూ 28 చోట్ల నీళ్లు పట్టారు. ఒక మురుగు కాలువలో ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు 237 మిల్లీగ్రాములుంది. దాదాపు అన్ని నమూనాల్లోనూ మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగింది.

ఈ పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల మీద ప్రపంచంలోనే పేరున్న పరిశోధన సంస్థ. వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు రాజేంద్రనగర్‌లో. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో, దాని పక్కనే హబ్సిగూడలో కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. సంగారెడ్డి దారిలో ఐఐటీ. మనిషి, పశువు, పంట, నీరు, నాలుగింటికీ శాస్త్రజ్ఞులున్న ఊరు ప్రపంచంలో ఇంకెన్ని ఉంటాయి? అయినా ఈ విషయాన్ని మొదట బయటపెట్టింది గోథెన్‌బర్గ్. మనవాళ్లకు చేతకాక అని కాదు. పటాన్‌చెరు కాలుష్యం మీద స్థానికులు 1980ల నుంచి కోర్టుల్లో కొట్లాడుతూనే ఉన్నారు. కానీ వాగు నీటిలో మందు కొలవడం ఏ శాఖ పని అన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఇప్పటికీ అది తేలలేదు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చో పరిమితులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ ఫ్యాక్టరీ వ్యర్థాల మీద మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. పాటించితీరాలన్న నిర్బంధం వాటికి లేదు.

చైనాలో పంది, మన దగ్గర కోడి

కొలిస్టిన్ పాత మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని డాక్టర్లు దాదాపు వదిలేశారు. మిగతా మందులన్నీ చేతులెత్తేశాక ఐసీయూల్లో మళ్లీ బయటికి తీశారు. వైద్యం దాన్ని వదిలేసిన కాలంలోనే పశువుల మేత దాన్ని పట్టుకుంది. చైనాలో పందులకూ కోళ్లకూ బరువు పెరగడానికి టన్నుల కొద్దీ కలిపారు. మన దగ్గర కూడా కోళ్ల మేతలో వాడకం ఉండేది.

2015 నవంబరులో దక్షిణ చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇతర సంస్థల వాళ్లతో కలిసి కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్-1 అనే జన్యువును ప్రకటించారు. అప్పటివరకూ కొలిస్టిన్‌ను తట్టుకునే గుణం బ్యాక్టీరియా అసలు జన్యుపదార్థంలో మార్పుల వల్ల వస్తుందని, పక్కవాటికి పాకదని ధీమాగా ఉండేవాళ్లు. ఈ జన్యువు ప్లాస్మిడ్ మీద కూర్చుని ఉంది. వాళ్లు చూసిన పందుల్లో అయిదింట ఒకదాంట్లో, పచ్చి మాంసం నమూనాల్లో 15 శాతంలో, ఆసుపత్రి రోగుల్లో 1 శాతంలో కనబడింది. ఆ మెట్లు చూస్తే ఏ వైపు నుంచి ఏ వైపుకు దిగిందో తెలుస్తూనే ఉంది. ఒక్క వ్యవసాయ విశ్వవిద్యాలయం పంది పేడను చూసినందువల్ల ప్రపంచంలోని ఐసీయూలన్నీ ఉలిక్కిపడ్డాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా విలువైనది. చైనా 2017 ఏప్రిల్ చివర్లో బరువు పెంచడానికి కొలిస్టిన్ వాడకాన్ని ఆపేసింది. మేతలో కలిపే కొలిస్టిన్ తయారీ 2015లో 27,170 టన్నులుండగా 2018కి 2,497 టన్నులకు పడిపోయింది. పందుల్లో ఎంసీఆర్-1 బాగా తగ్గింది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల పేగుల్లో దాన్ని మోస్తున్నవాళ్లు 2016లో 14 శాతం చుట్టూ ఉంటే 2019కి 6 శాతం చుట్టూకు వచ్చారు. పందుల మేతలో మందు ఆపితే మనుషుల పొట్టలో తేడా కనబడింది. వన్ హెల్త్ అనే మాటకు ఇంత సూటి రుజువులు చాలా తక్కువ. మన దేశం కూడా 2019 జూలైలో ఆహారానికి పెంచే జంతువుల్లో కొలిస్టిన్‌ను నిషేధించింది. ఈ విషయంలో మనం చాలా దేశాల కంటే ముందే ఉన్నాం, ఆ మాట చెప్పుకోవాలి.

ఎవరూ చూడని మూల: పంట

నలుగురిలో మొక్క ఎప్పుడూ వెనక బెంచీనే. కోడి గురించి చదివినవాళ్లకు కూడా వరి పొలం గుర్తు రాదు.

వరిలో బ్యాక్టీరియా ఎండాకు తెగులు తెలియని రైతు ఉండడు. గాలివాన తర్వాత ఆకు అంచుల నుంచి పసుపు చారలు దిగి, ఆకు గడ్డిలా ఎండిపోతుంది. పురుగుమందుల షాపుకు వెళ్తే స్ట్రెప్టోసైక్లిన్ అనే చిన్న పొట్లం, దాంతో కలపడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇచ్చేవాళ్లు. ఆరు గ్రాముల ఆ పొట్లంలో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. ఒకటి షాట్జ్ కనిపెట్టిన మందే, రెండోది ఆరియోమైసిన్ కుటుంబానిది. నిమ్మ గజ్జి తెగులుకీ, దానిమ్మ బ్యాక్టీరియా మచ్చకీ కూడా ఇదే. ప్లాస్మిడ్ సంగతి తెలిశాక ఆ ట్యాంకులో కలిపిన రాగి మందును వేరే కళ్లతో చూడాల్సివస్తుంది. యాంటీబయాటిక్, రాగి, రెండూ ఒకే నీటిలో, ఒకే మట్టి మీద. కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో పంటల్లో వీటి వాడకాన్ని క్రమంగా మానిపించాలని ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది.

అయినా పంట నుంచి మనిషికి నేరుగా వచ్చిన ముప్పుకు బలమైన ఉదాహరణ బ్యాక్టీరియా కాదు, ఫంగస్. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు కుళ్లే ఆకుల్లో, కంపోస్టులో పెరుగుతుంది. దాని బీజాలు గాలిలో అందరం పీలుస్తాం. ఒంట్లో శక్తి లేనివాళ్ల ఊపిరితిత్తుల్లో అది పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. దానికి డాక్టర్లు వాడే ప్రధాన మందులు అజోల్స్. నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వైద్యులకు ఒక వింత ఎదురైంది. జీవితంలో ఎన్నడూ అజోల్ మందు తీసుకోని రోగుల్లో కూడా అజోల్స్‌కు లొంగని బూజు. అదీ ఒకే రకం జన్యు మార్పుతో. మందు వాడకుండా మొండితనం ఎలా వచ్చింది? ఆ దేశంలో తులిప్ దుంపల నుంచి గోధుమల దాకా అజోల్ జాతి తెగుళ్ల మందులే వాడతారు. రోగి ఒంట్లో కాదు, పొలంలో, పూల వ్యర్థాల కుప్పలో మొండితనం తయారై గాలిలో వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2012లో మన దేశపు మట్టి నమూనాల్లోనూ అదే జన్యు మార్పును చూపించారు.

మన రైతులకు అజోల్ అంటే తెలియకపోవచ్చు. పాముపొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్, టెబుకొనజోల్ అంటే తెలుసు. చివరన 'నజోల్' అని వినబడే ప్రతిదీ ఆ కుటుంబమే.

దీన్నుంచి ఏమైనా నేర్చుకున్నామా? ఒలోరోఫిమ్ అనే కొత్త ఫంగస్ మందు రోగుల మీద పరీక్షల్లో ఉంది. అజోల్స్‌కు లొంగని బూజు మీద పనిచేస్తుందని ఆశ. అది ఫంగస్‌లోని ఏ ఎంజైమును పట్టుకుంటుందో, సరిగ్గా అదే ఎంజైమును పట్టుకునే ఇప్‌ఫ్లుఫెనొక్విన్ అనే తెగుళ్ల మందుకు అమెరికా 2022లో అనుమతి ఇచ్చేసింది. ఆసుపత్రి మందు మార్కెట్లోకి రాకముందే పొలం మందు వచ్చింది. రెండు శాఖలు ఒకే గదిలో కూర్చోకపోతే ఏమవుతుందో దీనికంటే స్పష్టంగా చెప్పలేం.

చెరువు దగ్గర ఇంకో తికమక

సుబ్బారావు పుట్టిన భీమవరం ఇప్పుడు చేపలకూ రొయ్యలకూ కేంద్రం. వనామీ రకం రొయ్యల చెరువు మీద రైతుకు ఉండే టెన్షన్ చూడాలి. రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిపోయిందంటే ఆ రాత్రి నిద్ర ఉండదు. కౌంటు రాకముందే, అంటే రొయ్య తగినంత ఎదగకముందే పట్టేస్తే నష్టం, ఆగితే మొత్తం పోతుందేమోనన్న భయం. ఆ భయంలో ఎవరు ఏ డబ్బా ఇచ్చినా చల్లేస్తారు. తమాషా ఏంటంటే రొయ్యను ఎక్కువగా ముంచే వైట్ స్పాట్ ఒక వైరస్. ఎదుగుదలను ఆపేసే ఈహెచ్‌పీ ఫంగస్‌కు దగ్గరి చుట్టమైన పరాన్నజీవి. రెండింటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు.

యూరప్ 2016లో మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. అప్పట్నుంచి క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల పేరు వింటే ఎగుమతిదారులకు గుండె ఆగుతుంది. ఆ భయం కొంత మేలే చేసింది. కానీ ఆ తనిఖీలో చూసేది మందు అవశేషాన్ని, అంటే రొయ్య కండలో మందు మిగిలిందా అన్నదాన్ని. పట్టే ముందు కొన్ని వారాలు మందు ఆపితే అవశేషం పోతుంది, సరుకు పాసవుతుంది. చెరువు అడుగు బురదలో తయారైన మొండి బ్యాక్టీరియా మాత్రం అక్కడే ఉంటుంది, చెరువు ఖాళీ చేసినప్పుడు డ్రెయిన్‌లోకి పోతుంది. 'యాంటీబయాటిక్ లేని చికెన్' అని రాసిన ప్యాకెట్టుకూ ఇదే వర్తిస్తుంది. ప్యాకెట్టులో మందు లేకపోవచ్చు, మందుకు లొంగని బ్యాక్టీరియా లేదని ఆ మాటకు అర్థం కాదు. బాగా ఉడికించి తింటే ఆ బ్యాక్టీరియా చస్తుంది. పచ్చి మాంసం కోసిన కత్తితోనే కొత్తిమీర తరిగితేనే తంటా.

మరి రోగికి ఎక్కణ్నుంచి వస్తోంది?

ఇంతవరకూ చెప్పిందంతా మొదటి ప్రశ్నకు జవాబు. ఇది చదివి 'మన రోగాలన్నీ కోళ్ల ఫారం నుంచే' అని తేల్చేయడం సులువు. వాట్సాప్‌లో తిరిగేది కూడా అదే. ఇక్కడే ఇటలీలో జరిగిన ఒక పని చల్లటి నీళ్లు చల్లుతుంది.

పావియా అనే ఒక్క ఊరు, దాని చుట్టుపక్కల. 15 నెలలు. యూరప్‌లోని పలు విశ్వవిద్యాలయాల బృందం ఆసుపత్రి రోగుల నుంచి, ఆవులు, కోళ్లు, కుక్కలు, ఈగల నుంచి, మొక్కల నుంచి, మట్టి, నీటి నుంచి 6,548 నమూనాలు తీసింది. వాటిలో దొరికిన, ఆసుపత్రి రోగుల్ని తరచూ పట్టుకునే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు దాదాపు 3,500 తీసుకుని వాటి పూర్తి జన్యుక్రమాన్ని చదివింది. 2022లో ఫలితం వచ్చింది: క్లెబ్సియెల్లా అన్నిచోట్లా ఉంది, కానీ రోగుల్లో ఉన్న మొండి రకాలు ఎక్కువగా రోగుల మధ్యే, ఆసుపత్రిలోనే తిరుగుతున్నాయి. ఆవు నుంచో మట్టి నుంచో రోగికి చేరినవి చాలా అరుదు.

అంటే వన్ హెల్త్ వట్టిదా? కాదు. ప్రశ్నలు రెండని గుర్తుంచుకుంటే ఇబ్బందేమీ లేదు. ఒక కొత్త విరుగుడు జన్యువు పంది పేగులో ఒక్కసారి ప్లాస్మిడ్ ఎక్కితే చాలు. ఆ ఒక్కసారి ఏ పదిహేను నెలల సర్వేలోనూ పట్టుబడదు. ఎక్కాక దాన్ని లోకమంతా తిప్పేది మనుషులం, మన ఆసుపత్రులు, మన మురుగు. పైగా ఇటలీలో మురుగు పైపుల్లో పోతుంది. డ్రెయిన్ నీళ్లతో ఆకుకూరలు పండే చోట, మూసీ పక్కన గడ్డి కోసి గేదెలకు వేసే చోట ఇదే సర్వే చేస్తే ఏం తేలుతుందో పావియా చెప్పలేదు. ఆ సర్వే ఇక్కడ చేయాల్సిందే.

రెండో ప్రశ్నకు మురుగు ఎంత పెద్ద జవాబో ఇంకో హైదరాబాద్ చూపించింది. పాకిస్తాన్ సింధ్‌లో ఉన్న హైదరాబాద్. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్ దాదాపు అన్ని మామూలు మందులనూ తట్టుకుంది. జన్యుక్రమం చూస్తే టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒక కొత్త ప్లాస్మిడ్‌ను తెచ్చుకుంది, అది పేగుల్లో ఉండే ఈ.కోలై దగ్గరున్నదాన్ని పోలి ఉంది. కొత్త గుణం వచ్చింది ఆ చేతులు మారడం వల్ల. అది వేలమందికి అంటింది తాగునీటి పైపుల్లోకి మురుగు కలవడం వల్ల. అక్కడ అడ్డుకట్ట వేసినవాటిలో టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం మొదట దక్కిన అలాంటి టీకాను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. 2019లో పాకిస్తాన్ ఆ రకం టీకాను పిల్లల సాధారణ టీకాల్లో చేర్చింది, ఆ పని చేసిన మొదటి దేశం అదే.

అందుకే రెండు ప్రశ్నలకూ మందు వేర్వేరుగా రాయాలి. పుట్టే చోట్లను తగ్గించాలంటే ఫ్యాక్టరీ గొట్టం, మేత బస్తా, స్ప్రే ట్యాంకు చూడాలి. పాకే దారుల్ని మూయాలంటే పైపులు, మరుగుదొడ్లు, ఆసుపత్రిలో చేతులు కడుక్కోవడం చూడాలి. కోళ్ల రైతును తిట్టి మున్సిపాలిటీని వదిలేసినా, జలుబుకు అజిత్రోమైసిన్ రాసే ఆర్ఎంపీని తిట్టి ఫ్యాక్టరీని వదిలేసినా సగం పనే.

కొలవడంలో ఒక మంచి అడుగు పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 'ట్రైసైకిల్' అనే పద్ధతిని ప్రచురించింది. పేరుకు తగ్గట్టే మూడు చక్రాలు: మనుషులు, ఆహారానికి వచ్చే కోళ్లు, నీళ్లు. మూడుచోట్లా ఒకే బ్యాక్టీరియాను, ఒక రకం మొండి ఈ.కోలైని, ఒకే పద్ధతిలో వెతకాలి. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు, జిల్లా స్థాయి ల్యాబ్ కూడా చేయగలదు. ఇప్పటివరకూ ఒక్కో శాఖ ఒక్కో బ్యాక్టీరియాను ఒక్కో పద్ధతిలో చూసి, చివర్లో అంకెలు కలపడానికి కుస్తీ పడేది. ఆ తలనొప్పి పోతుంది. అయితే మూడు చక్రాల్లోనూ పంట లేదు.

వాడకం తగ్గించడంలో మాత్రం, యాంటీబయాటిక్ పేరెత్తకుండా సాధించినవే గట్టి విజయాలు. నార్వే సాల్మన్ చేపల పెంపకంలో 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడేది. చేపలకు టీకాలు వచ్చాక ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా వాడకం ఏడాదికి ఒక టన్ను లోపే. రైతుకు నీతులు చెప్పి తగ్గించింది కాదది. జబ్బే రాకపోతే మందు కొనేదెవరు?

అలాంటిదే ఒకటి మన దగ్గరా ఉంది, ఆ వరుసలో దాని పేరు వినబడదు. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి రుచికి పెట్టింది పేరు, ఎండాకు తెగులుకు మాత్రం ఇట్టే లొంగిపోతుంది. హబ్సిగూడ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను, జన్యుమార్పిడి చేయకుండా మామూలు సంకరణంతోనే, సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో 'మెరుగైన సాంబ మసూరి'గా విడుదలైంది. ఆ విత్తనం వేసిన ఎకరంలో ఎండాకు తెగులు కోసం ఆరు గ్రాముల పొట్లంతో పని పడదు. అలా ఎన్ని పొట్లాలు మిగిలాయో, ఎంత స్ట్రెప్టోమైసిన్ కాలవల్లోకి పోకుండా ఆగిందో లెక్కగట్టడం ఆసుపత్రుల శాఖ తన పని అనుకోదు. వ్యవసాయ శాఖ అడిగేది ఎకరానికి ఎన్ని బస్తాలని.